పద్నాలుగో స్టెప్పు

జూన్ 28, 2005. మంగళవారం

ఈ ఉదయం ఆఫీసు వాష్‌బేసిన్ దగ్గర కొత్త సబ్బుపెట్టె ఉంది. మూత మీద నల్ల మార్కరుతో వాసు అని రాసుంది. కింద ఫోన్ నంబరు కూడా ఉంది. సబ్బు తప్పిపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని ఆశ కాబోలు.

వాసు మా ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆ సంగతి అతనికి తెలుసు. ఎండీ సన్యాసిరాజు గారికి ఇంకా బాగా తెలుసు. అందుకే వాసు పదకొండింటికి వచ్చినా ఆయనే ముందు గుడ్ మార్నింగ్ చెబుతారు.

ఆఫీసు రాణిగంజ్‌లో, పంపుసెట్ల దుకాణం పైన. కింద ఎవరైనా మోటారు కొనే ముందు ఆన్ చేసి చూసుకుంటే పైన మా టేబుళ్లు వణుకుతాయి. ఈ వణికే టేబుళ్ల మీదే మేం ప్రపంచాన్ని మార్చేస్తున్నామట. చేసేది ఒక బోర్డు. అరచెయ్యంత ఉంటుంది, మధ్యలో గోరంత చిప్పు. ఇదివరకు మెషీనుని నడిపే చిప్పు వేరు, దాని కబురు కంప్యూటరుకి మోసుకెళ్లే పెట్టె వేరు. ఈ చిప్పులో రెండూ ఒకటే. నెట్‌వర్క్ వైరు గుచ్చితే చాలు, తన సంగతులు తనే చెప్పుకుంటుంది.

"సూడమ్మా హదస్సా, రేపు గీజరు మాటాడతాది. మోటారు మాటాడతాది. ఫ్యాక్టరీలో బాయిలరు మాటాడతాది. అన్నిట్లో మన బోర్డే," అన్నారు ఎండీ గారు. విజయనగరం వదిలి పాతికేళ్లయినా ఆయన మాట మారలేదు. నాకు ఆయనలో నచ్చేది అదొక్కటే.

నేను తలూపాను. గీజరు ఏం మాట్లాడుతుంది? నీళ్లు కాగాయంటుంది. అది చెయ్యి పెట్టినా తెలుస్తుంది.

గ్రూపు డిస్కషన్లలో నోరు తెరవలేదని హైటెక్ సిటీలో నాలుగు కంపెనీలు నన్ను వద్దన్నాయి. ఇక్కడ ఇంటర్వ్యూలో ఎండీ గారే మాట్లాడారు. ఉద్యోగం వచ్చింది. నా పని వీళ్ల ఇంగ్లీషు దిద్దడం.

జులై 1, శుక్రవారం

వాసు రాసిన తయారీ షీటు దిద్దమని ఇచ్చారు. బోర్డు కట్టేటప్పుడు ఏది ముందు ఏది వెనక అని చెప్పే కాగితం. పందొమ్మిది స్టెప్పులు. చదువుతుంటే సాయంత్రం ఆరింటికి ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నట్టుంది. ప్రతి స్టెప్పూ ప్లీజ్‌తో మొదలై కంపల్సరీతో ముగుస్తుంది. చెప్పిందే మళ్లీ చెబుతాడు.

స్కూల్లో ఇంగ్లీషు సిస్టర్ ఎర్ర సిరా పెన్ను పట్టుకుని అనేది: ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పావంటే చదివేవాడికి బుర్ర లేదన్నావన్నమాట. ఆవిడ నా వ్యాసాల్లో ఒక్క వాక్యం కూడా కొట్టేయలేదు.

జులై 5, మంగళవారం

పందొమ్మిది పన్నెండయ్యాయి. ఒక్క ప్లీజ్ లేదు. ఎండీ గారు చదివి (చదవలేదు, చూశారు) "ఇంగ్లీషంటే ఇదీ!" అని, లామినేషన్ చేయించి, యేసురాజు గారి టేబుల్ పైన గోడకి అంటించారు. పాత షీటు చించేశారు. వాసు వచ్చి ఫాంటు బాగుందన్నాడు.

బోర్డులు కట్టేది యేసురాజు గారు. యాభై నాలుగేళ్లు. మెట్టుగూడలో ఇరవై రెండేళ్లు టీవీ రిపేరు షాపు నడిపారు. టీవీలు చెడిపోవడం మానేశాయి, షాపు మూతపడింది. మా సంఘం మనిషే. చర్చిలో మాకు రెండు బెంచీల ముందు కూర్చుంటారు. అక్కడ అంకుల్ అంటాను. ఆఫీసులో యేసురాజు గారు. ఎందుకని ఆయన ఎప్పుడూ అడగలేదు.

కొత్త షీటుని వేలు పెట్టుకుని చదివారు. పన్నెండు స్టెప్పులకి ఇరవై నిమిషాలు పట్టింది. పెదవులు కదులుతున్నాయి. చూడలేక నా కంప్యూటరు వైపు తిరిగాను.

జులై 6, బుధవారం

షీటు గోడ మీద తిన్నగా ఉంది. తలనొప్పి.

జులై 12, మంగళవారం

ఆరు బోర్డులు తయారయ్యాయి. మా మొదటి పెద్ద ఆర్డరు. బొల్లారం అవతల బుల్లబ్బాయి గారని ఒకాయన కోడిపిల్లల హ్యాచరీకి.

ప్రతి బోర్డుకీ పన్నెండంకెల నంబరు ఒకటుంటుంది. క్లాసులో రోల్ నంబరులాంటిది. ఏ రెండు బోర్డులకీ ఒకటే ఉండకూడదు. యేసురాజు గారు రిజిస్టరులో చూసి నంబరు చిప్పులోకి కొడతారు, అదే నంబరు స్టిక్కరు మీద రాసి బోర్డుకి అంటిస్తారు. ఆయన అంకెలు బావుంటాయి. అచ్చు బైబిల్ వెనక పేజీలో పిల్లల పుట్టినరోజులు రాసుకునే అంకెల్లా ఉంటాయి.

మాన్యువల్ పూర్తి చేశాను. మొదటి పేజీలో నా వాక్యం: ఇక మీరు మెషీను దగ్గరికి నడవనక్కర్లేదు. ఇంగ్లీషులో అది తొమ్మిది మాటలే. ఎండీ గారు దాన్ని విజిటింగ్ కార్డు మీద కూడా వేయించారు.

జులై 18, సోమవారం

హ్యాచరీకి వెళ్లాం. ఎండీ గారు, వాసు, ఫొటోలు తీయడానికి నేను. దారి పొడుగునా వాసు తనకి గచ్చిబౌలిలో వచ్చిన ఆఫర్ల గురించి చెప్పాడు. ఎండీ గారు ప్రతి ఆఫరుకీ కొంచెం కొంచెం కుంగారు.

పొడవాటి హాలు. బాత్రూమంత పెద్ద చెక్కబీరువాలు ఆరు. గుడ్లు పొదిగే మెషీన్లు. ఒక్కోదాంట్లో పదివేల గుడ్లు. తలుపుకి చిన్న అద్దం కిటికీ, లోపల వేలాడే థర్మామీటరు. బుల్లబ్బాయి గారు తణుకు వైపు నుంచి వచ్చినాయన. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టార్చిలైటు. పద్నాలుగేళ్లుగా గంటకోసారి ఆరు కిటికీల్లోనూ టార్చి వేసి చూస్తారట. రాత్రి కూడా వంతులు వేసుకుంటారట.

"ఇక ఆ పనిలేదు సార్," అన్నాడు వాసు. ఆఫీసు గదిలో కంప్యూటరు పెట్టి, బోర్డులన్నిటికీ వైర్లు గుచ్చి, వెతకమని బటన్ నొక్కాడు. లిస్టులో ఒకటే నంబరు వచ్చింది. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ ఒకటే.

"ఏందీ, ఒక్కటే చూపిస్తుంది..." అని తనలో తను గొణిగి, ఒకటో మెషీనుకి దాన్నే నొక్కాడు. రెండోదానికీ దాన్నే. అలా ఆరింటికీ. స్క్రీను మీద ఆరు గళ్లూ ఆకుపచ్చగా వెలిగాయి. ఆరింటిలోనూ తొంభై తొమ్మిదిన్నర డిగ్రీల వేడి.

బుల్లబ్బాయి గారు కళ్లజోడు పైకి జరుపుకుని చూశారు. "ఏవండీ, ఆరూ ఒకే మాట మీదున్నాయేంటండీ? మా ఇంట్లో ముగ్గురం ఏనాడూ ఒక మాట మీద లేవండి!"

"అదే సార్ టెక్నాలజీ," అన్నాడు వాసు.

"అదే టెక్నాలజీ!" అన్నారు ఎండీ గారు.

ఒక నంబరుని ఆరుసార్లు నొక్కాడని నాకు తెలుసు. పక్కనే నిలబడ్డాను. ఇంజనీరు కదా, అతనికి తెలిసే ఉంటుందనుకున్నాను. ఫొటో కోసం బుల్లబ్బాయి గారు టార్చి తీసి టేబుల్ సొరుగులో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో బాగా వచ్చింది.

జులై 26, మంగళవారం

ఎండీ గారు టై కట్టుకొచ్చారు. ఎవరో పేపరాయన వస్తాడని. రాలేదు. సాయంత్రం వరకు టై ఉంది.

జులై 30, శనివారం

గచ్చిబౌలి వాళ్లు వాసుని మళ్లీ పిలిచారట. ఎండీ గారు అతనికి కుర్చీ మార్పించారు. వెనక్కి వాలేది.

ఆగస్టు 3, బుధవారం

పొద్దున్నే హ్యాచరీ నుంచి ఫోన్. నాలుగో మెషీనులో హీటరు సోమవారం రాత్రి పోయింది. స్క్రీను మీద నాలుగో గడి రెండు రాత్రులూ ఆకుపచ్చగానే ఉంది. తొంభై తొమ్మిదిన్నర. ఎవరూ టార్చి తియ్యలేదు. నడవనక్కర్లేదు కదా. ఇవాళ తలుపు తీసిన పనివాడి చేతికి గుడ్లు చల్లగా తగిలాయి.

పదివేలు. పన్నెండో రోజు గుడ్లు.

ఎండీ గారు ఫోన్ పెట్టేసి అడిగిన మొదటి ప్రశ్న: "ఈ కబురు ఇంకెవరికైనా సెప్పాడంటావా?"

ఆగస్టు 4, గురువారం

వాసు హ్యాచరీ నుంచి ఆరు బోర్డులూ పట్టుకొచ్చాడు. మధ్యాహ్నానికి తేలింది. స్టిక్కర్ల మీద ఆరు నంబర్లు. చిప్పుల్లో మాత్రం ఆరింటికీ ఒకటే నంబరు.

అటెండెన్సులో ఆరు పేర్లు పిలిస్తే ఒక్క అమ్మాయే ఆరుసార్లు ప్రెజెంట్ మిస్ అన్నట్టు. ఒకటో మెషీను పలికింది. నాలుగోది పలికిందని అందరూ రాసుకున్నారు.

ఆ నంబరు ఏమిటో చూశాను. రెండు సున్నాలు, తర్వాత వాసు ఫోన్ నంబరు. తన టెస్టు ప్రోగ్రాములో నమూనాగా అది పెట్టుకున్నాడట. సబ్బు మీద రాసుకున్నదే. ఒక పిల్ల కూడా లేచి కూర్చోని పదివేల గుడ్లకి వాసు పేరు.

విషయం ఇది. చిప్పులోకి నంబరు కొట్టాక బోర్డుని టెస్టు చేస్తారు. టెస్టు ప్రోగ్రాము కొట్టిన నంబరుని చెరిపేసి నమూనా నంబరు పెట్టేస్తుంది. అందుకని టెస్టు అయ్యాక నంబరు మళ్లీ కొట్టాలి. రెండోసారి.

యేసురాజు గారిని పిలిచారు.

"నంబరు కొట్టినవా?" అన్నాడు వాసు. తండ్రి వయసు మనిషిని.

"కొట్టిన సార్."

"టెస్టు తర్వాత సుత కొట్టాలె గదా? కొట్టినవా?"

యేసురాజు గారు గోడ వైపు చూశారు. షీటు వైపు. తర్వాత అన్నారు, "లేదు సార్."

"ఏటయ్యా ఇది!" అని ఎండీ గారు తల పట్టుకున్నారు.

ఎవరో ఒకరు షీటు చదువుతారని ఎదురుచూశాను. మూడడుగుల దూరంలో, కళ్ల ఎత్తులో ఉంది. ఈ ఆఫీసులో ఎవరూ ఏదీ చదవరు. నా పేజీలన్నీ ఫాంటు కోసం చూసేవాళ్లు వీళ్లు.

ఆగస్టు 5, శుక్రవారం

ఎండీ గారు తన గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"బుల్లబ్బాయి గారు ఒకటే అడుగుతున్నాడమ్మా. ఎవరి తప్పు, పేరు సెప్పమంటున్నాడు. వాసు పేరు సెప్పి వాసుని పంపిస్తే కంపెనీకి తాళం వెయ్యాల. అందుకని..." అని తన ఫోన్ని చూసుకున్నారు. "తప్పు బోర్డుది కాదు, కట్టిన మనిషిది అని యేసురాజు రాసిచ్చి సంతకం పెడతాడు. వచ్చే శనివారం బుల్లబ్బాయి గారు వస్తాడు, ఆయన ముందరే. కాపీలు మిగతా హ్యాచరీలకీ పంపిస్తాను, బోర్డు మీద నమ్మకం పోకూడదు గదా. యేసురాజు ఆ రోజుతో ఆఖరు. ఉత్తరం నువ్వు రాయమ్మా. నీ ఇంగ్లీషు బాగుంటాది."

ఊళ్లో బోర్డులు కట్టించుకునేవాళ్లు ఎందరు? ముప్ఫై కంపెనీలు ఉంటాయేమో. అందరూ రాణిగంజ్ చుట్టుపక్కలే. ఆ ఉత్తరం నలుగురి చేతుల్లో పడ్డాక ఆయన చేతికి ఇక ఎవరూ సోల్డరింగ్ ఐరన్ ఇవ్వరు.

ఉత్తరం రాశాను. ఏడు వాక్యాలు. చాలా శుభ్రంగా వచ్చింది. నిర్లక్ష్యం అనే మాటకి ఇంగ్లీషులో ఉన్న మూడింటిలో మెత్తనిది వాడాను.

ఆగస్టు 6, శనివారం

ఏమీ లేదు.

ఆగస్టు 7, ఆదివారం

ఆరాధనలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు ప్రేమమణి ఆంటీ లేచారు. యేసురాజు గారి భార్య. "మా ఆయన చేతిపని పోకుండా ప్రార్థన చేయండి," అన్నారు. అంతే అని కూర్చున్నారు. ఎందుకు పోతుందో చెప్పలేదు. పాస్టరు గారు కళ్లు మూసుకుని ఆ పని కోసం, ఆ చేతుల కోసం, ఆ కంపెనీ యజమానుల మనసుల కోసం చాలాసేపు ప్రార్థించారు. అమ్మ ఆమెన్ అంది. నేనూ అన్నాను.

ఈ సంఘంలో అందరూ లేచి సాక్ష్యాలు చెబుతారు. కడుపునొప్పి తగ్గిందనీ, బస్సు సమయానికి వచ్చిందనీ. పదిహేనేళ్లలో నేను ఒక్కసారీ లేవలేదు. ఇన్నాళ్లూ అది మర్యాద అనుకున్నాను.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఆయన వచ్చారు. "వందనాలమ్మా. మల్కాజ్‌గిరి పోనీకి బస్సు దొరుకుతదా ఇప్పుడు? లేకుంటే జెర ఆగండ్రి, ఆటో చూస్త."

"పరవాలేదంకుల్," అన్నాను.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "యేసురాజు గారు మీ ఆఫీసే కదా, ఏమయిందే?" అమ్మ పేరు దేవకృప. ముప్ఫై ఏళ్లుగా లెక్కల టీచరు. ఏ లెక్కయినా చివరి లైను ముందు చూస్తుంది.

"ఏదో ఆఫీసు గొడవ," అన్నాను.

ఆగస్టు 9, మంగళవారం

వాసు కంప్యూటరులో పాత షీటు దొరికింది. పందొమ్మిది స్టెప్పులది. ప్రింటు తీసుకున్నాను.

ఎనిమిదో స్టెప్పు: ప్లీజ్ ఎంటర్ ది నంబర్, కంపల్సరీ.

పద్నాలుగో స్టెప్పు: ప్లీజ్ ఎంటర్ ది నంబర్ ఎగైన్ ఆఫ్టర్ టెస్టింగ్, కంపల్సరీ.

చదివిన ఎవరైనా ఏమనుకుంటారు? ప్రతిదాన్నీ రెండుసార్లు చెప్పే మనిషి దీన్నీ రెండుసార్లు చెప్పాడనుకుంటారు. ఎందుకు మళ్లీ కొట్టాలో ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది. టెస్టు చేస్తే నంబరు చెరిగిపోతుందని రాయడానికి తీరిక లేదు, సబ్బు మీద పేరు రాసుకోవడానికి ఉంది. ఇంత ముఖ్యమైన సంగతిని కంపల్సరీ అన్న మాటకి అప్పగించాడు. పందొమ్మిది కంపల్సరీల్లో ఏది కంపల్సరీయో ఎవరికి తెలుస్తుంది?

దిద్దేటప్పుడు పద్నాలుగోది నేనే కొట్టేశాను. ఎర్ర పెన్నుతో. గీత తిన్నగా వచ్చిందని కూడా గుర్తుంది.

తప్పు వాసుది. ఎండీ గారిది. చూసీ చూడనట్టు ఆరుసార్లు నొక్కినవాడిది.

ఆగస్టు 10, బుధవారం

తప్పు వాసుది.

ఆగస్టు 11, గురువారం

పదమూడు స్టెప్పుల షీటు చేశాను. పద్నాలుగోది తిరిగి దాని చోట పెట్టాను. అదే ఫాంటు, అదే సైజు. ఎస్.డి. రోడ్డులో జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను. గోడ మీద ఉన్నది తీసి ఇది పెడితే ఎవరికీ తెలియదు. ఈ ఆఫీసులో ఎవరూ ఏదీ చదవరు.

పెడితే, శనివారం ఎవరైనా గోడ వైపు చూసినా ఆ స్టెప్పు అక్కడే ఉంటుంది. మొదటినుంచీ ఉన్నట్టు.

సంచిలో ఉంది.

ఆగస్టు 12, శుక్రవారం

లోకల్ రైల్లో ముందుగా వెళ్లాను. ఎనిమిదిన్నరకి ఆఫీసులో ఎవరూ ఉండరనుకున్నాను. యేసురాజు గారు ఉన్నారు. టేబుల్ మీద రాలిన సీసం ముక్కల్ని పాత టూత్‌బ్రష్షుతో ఒక కుప్పగా ఊడుస్తున్నారు. వెళ్లిపోయే ముందు ఇల్లు ఊడ్చినట్టు.

"గింత పొద్దుగాల్నే వచ్చినవేందమ్మా?"

"పనుందండీ."

ఫ్లాస్కు మూతలో టీ పోసి నా టేబుల్ మీద పెట్టారు. మూత ఒకటే ఉంది. ఆయన తాగలేదు. నేను తాగేదాకా షీటు కిందే కూర్చుని స్క్రూడ్రైవర్లు సైజులవారీగా పేర్చారు.

సంచి జిప్పు తియ్యలేదు.

ఆగస్టు 13, శనివారం

మల్కాజ్‌గిరి నుంచి సికింద్రాబాదు దాకా రైల్లో నాలుగు వాక్యాలు తయారుచేసుకున్నాను. షీటు నేను రాశాను. అందులోంచి పద్నాలుగో స్టెప్పు నేను తీసేశాను. యేసురాజు గారు షీటులో ఉన్నట్టే చేశారు. ఉత్తరంలో ఆయన పేరు ఉండకూడదు. స్టేషను దగ్గరికొచ్చేసరికి కంఠతా వచ్చాయి.

పది గంటలకి బుల్లబ్బాయి గారు వచ్చారు. కుర్చీలో కూర్చుని, జేబులోంచి టార్చి తీసి టేబుల్ మీద పెట్టారు. ఎవరినీ తిట్టలేదు.

"పన్నెండో రోజుకి దానికి కాళ్లుంటాయండి. నూగు కూడా వచ్చేస్తుందండి. కొన్ని పగలగొట్టి చూశానండి," అన్నారు. "నాకింకేం వద్దు. అది ఎవరు చేశారో నా ముందు చెప్పండి."

ఎండీ గారు నా ఉత్తరం తీసి యేసురాజు గారి ముందు పెట్టారు. పెన్ను మూత తీసి మరీ పెట్టారు. వాసు తన వాలు కుర్చీని ఇటూ అటూ తిప్పుతున్నాడు.

లేచి నిలబడ్డాను. గొంతు ఎలకపిల్లలా వచ్చింది. అయినా నాలుగు వాక్యాలూ చెప్పాను. తెలుగులోనే చెప్పాను. పాత షీటు, కొత్త షీటు, రెండూ టేబుల్ మీద పెట్టాను. సంచిలోని మూడోది పెట్టలేదు. కింద ఎవరో మోటారు ఆన్ చేశారు. టేబుల్ మీద టార్చి సన్నగా దొర్లింది.

ఒక్క క్షణం, నిజంగా ఒకే క్షణం, ఆ గదిలో అందరికంటే నేను మెరుగైనదాన్ననిపించింది.

ఎండీ గారు నవ్వారు. మెత్తగానే. "కూర్చోమ్మా. నువ్వు సిన్నపిల్లవి. మంచి మనసుతో సెప్పావు. నీకు చిప్పు గురించి ఏటి తెలుస్తాది? నువ్వు ఇంగ్లీషు సూశావు, అది నీ పని. ఈయన ఇరవై రెండేళ్లు ఐరన్ పట్టిన మనిషి. పాత షీటుతో ఎన్ని బోర్డులు కట్టాడు? రెండోసారి కొట్టడం ఈయనకి తెలుసు. షీటులో లేకపోతే అనుమానం రావాల. అనుమానం వస్తే అడగాల. నోరుంది గదా?"

"అది కరెక్టే సార్," అన్నాడు వాసు. మొదటిసారి కుర్చీ తిప్పడం ఆపి.

బుల్లబ్బాయి గారు న్యాయం ఉన్న మనిషి. యేసురాజు గారి వైపు తిరిగారు. "ఏవండీ, ఆ పాప చెప్పింది విన్నాను. మీరు చెప్పండి. ఎవర్నయినా అడిగారా?"

యేసురాజు గారు నావైపు చూడలేదు. టార్చి వైపు చూశారు. దొర్లి టేబుల్ అంచుకి వచ్చినదాన్ని పట్టుకుని, తిన్నగా బుల్లబ్బాయి గారి ముందు పెట్టారు.

"ఎవర్ని అడుగుతం సార్," అన్నారు.

"మరి అడగొద్దా? మెషీను కాదు గదండీ మీరు, మనిషి గదా!" బుల్లబ్బాయి గారి గొంతు అప్పుడు లేచింది. "నా పద్నాలుగేళ్లలో ఒక్క ట్రే చల్లారలేదండి. ఒక్క మాట అడిగితే పోయేది కాదా?"

నేను నిలబడే ఉన్నాను. రైల్లో తయారుచేసుకున్న వాక్యాలు నాలుగే. అవి అయిపోయాయి. అయిదోది గొంతులోకి వచ్చింది, నోట్లోకి రాలేదు. కూర్చున్నాను.

యేసురాజు గారు సంతకం పెట్టారు. స్టిక్కర్ల మీద రాసినట్టే, ఒక్కో అక్షరం విడివిడిగా. తన సొంత ఐరన్ని తువ్వాలులో చుట్టుకుని చంకన పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి, "వస్తనమ్మా. ఆదివారం కలుద్దాం," అన్నారు. ఆఫీసులో అందరూ వింటుండగా, "సరే అంకుల్," అన్నాను.

మధ్యాహ్నం ఎండీ గారు నా దగ్గరికొచ్చి, ధైర్యం ఉన్న పిల్లవని మెచ్చుకుని, ఉత్తరం కాపీలు ఎన్ని తియ్యాలో చెప్పారు. పదిహేను.

రాత్రి భోజనాల దగ్గర అమ్మకి చెప్పాను. షీటు సంగతి, నిలబడ్డ సంగతి, నాలుగు వాక్యాలు. అమ్మ కంచం పక్కన పెట్టి నా తల నిమిరింది. "నలుగురిలో లేచి ఒప్పుకున్నావా? నువ్వేనా?" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు. "ఆయన కూడా ఒక్క మాట అడిగుండాల్సింది పాపం," అంది. ఆ లైను దగ్గర ఆగలేదు, కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

టెస్టు తర్వాత నంబరు మళ్లీ కొట్టొద్దా అని యేసురాజు గారు నన్ను అడిగారు. జులై అయిదున ఒకసారి, ఆరున ఇంకోసారి. షీటులో ఉన్నట్టు చెయ్యండి అన్నాను, రెండుసార్లూ.